సగం పచ్చ కరెంటు, ముప్పాతిక బొగ్గు కరెంటు: రెండు లెక్కలూ నిజమే, ఎలాగంటే

2025 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఒక సంగతి గర్వంగా ప్రకటించింది. దేశంలోని విద్యుత్ సామర్థ్యంలో సగం ఇప్పుడు బొగ్గు, గ్యాస్, డీజిల్ కాని వనరులదేనని, 2030కి పెట్టుకున్న లక్ష్యం ఐదేళ్లు ముందే అందిందని దాని సారాంశం. ఆ వార్త ఎక్కడ కనబడినా కింద ఎవరో ఒకరు ఇంకో లెక్క పెడతారు. మన ఇళ్లలో కాలే ప్రతి నాలుగు యూనిట్లలో దాదాపు మూడు ఇప్పటికీ బొగ్గువేనని. ఇందులో ఏదో ఒకటి అబద్ధమై ఉండాలని చదివేవాళ్లకు అనిపించడం సహజం. రెండూ నిజమే.

బెంగళూరులో ఉండేవాళ్లకు ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. సోలార్‌లో కర్ణాటక ముందు వరుసలో ఉన్న రాష్ట్రం. సోలార్ కరెంటు బొగ్గు కరెంటు కన్నా చవక అని పదేళ్లుగా వింటున్నాం. మరి 200 యూనిట్లు దాటిన ఇంటికి నగర పంపిణీ సంస్థ బెస్కాం ఇచ్చే బిల్లు ఎందుకు తగ్గడం లేదు? కేఆర్ పురంలోనో మారతహళ్లిలోనో ఉండే తెలుగు కుటుంబాలు ఊళ్లో అమ్మానాన్నలతో మాట్లాడేటప్పుడు ఈ పోలిక వస్తూనే ఉంటుంది. పైగా 200 యూనిట్ల లోపు ఇళ్లకు ఇచ్చే ఉచిత కరెంటు పథకానికి తెలంగాణలోనూ కర్ణాటకలోనూ ఒకటే పేరు, గృహజ్యోతి. ఆంధ్రలో ఆ పేరుతో పథకం లేదు.

ఈ చిక్కులన్నీ విప్పడానికి ఒక ప్రశ్న బాగా పనికొస్తుంది. దేశంలో ఎంత కరెంటు ఉంది అని కాదు, ఏ గంటకు ఎంత ఉంది అని.

సామర్థ్యం ఒకటి, ఉత్పత్తి ఇంకొకటి

ముందు కొలతలు చూద్దాం. 2 కిలోవాట్ల గీజర్ అరగంట వేస్తే ఒక యూనిట్ ఖర్చవుతుంది. ఇందులో కిలోవాట్ అనేది గీజర్ దమ్ము, యూనిట్ అనేది అది తాగిన కరెంటు. వెయ్యి కిలోవాట్లు ఒక మెగావాట్, వెయ్యి మెగావాట్లు ఒక గిగావాట్. విద్యుత్ కేంద్రానికీ ఇదే వర్తిస్తుంది. అది గరిష్ఠంగా ఎంత ఇవ్వగలదో అది సామర్థ్యం, ఏడాదిలో నిజంగా ఇచ్చింది ఉత్పత్తి.

ముప్పై మంచాల పీజీ అన్నంత మాత్రాన రోజూ ముప్పై మంది ఉన్నట్టు కాదు కదా. సోలార్ ప్లాంటు రాత్రంతా ఖాళీ. పొద్దున్నా సాయంత్రం అరకొర. మబ్బు పడితే ఇంకా తక్కువ. మన దేశంలో ఒక సోలార్ ప్లాంటు ఏడాది మొత్తానికి తన సామర్థ్యంలో 20 నుంచి 25 శాతం దాకా ఇస్తుంది. బొగ్గు ప్లాంట్ల దేశ సగటు ఇటీవలి ఏళ్లలో 70 శాతం దరిదాపుల్లో ఉంది.

లెక్క వేసి చూద్దాం. ఒక మెగావాట్ యంత్రం ఏడాదంతా ఆగకుండా నడిస్తే 87.6 లక్షల యూనిట్లు వస్తాయి. సోలార్‌కి 22 శాతం అనుకుంటే 19 లక్షల పైచిలుకు. బొగ్గుకి 69 శాతం అనుకుంటే 60 లక్షల పైచిలుకు. అంటే ఒక మెగావాట్ బొగ్గు ఇచ్చే యూనిట్లు సోలార్‌తో రావాలంటే మూడు మెగావాట్లకు పైగా కావాలి.

2025 జూన్ చివరికి దేశ సామర్థ్యం సుమారు 485 గిగావాట్లు. అందులో శిలాజ ఇంధనాలు కానివి 243 గిగావాట్ల దాకా ఉన్నాయి. సోలార్, గాలి, పెద్ద జలవిద్యుత్, అణువిద్యుత్ అన్నీ ఇందులో కలిసే ఉంటాయి. అణువిద్యుత్ వాటా 9 గిగావాట్లకు కూడా చేరలేదు. ‘సగం’ అన్న మాట ఈ పట్టికలోది. ‘ముప్పాతిక’ అన్నది యూనిట్ల పట్టికలోది. ప్రభుత్వం తనకు నచ్చిన పట్టిక చూపిస్తుంది, విమర్శకులు తమకు నచ్చిన పట్టిక చూపిస్తారు. ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. అంతర్జాతీయంగా 2022 ఆగస్టులో మనం ఇచ్చిన హామీ సామర్థ్యం గురించే, ఉత్పత్తి గురించి కాదు. ఆ హామీ నెరవేరింది. ఆ హామీయే తేలికైనదా అన్నది వేరే చర్చ.

మధ్యాహ్నం పావగడ, రాత్రికి శక్తినగర్

తుమకూరు జిల్లా పావగడ తాలూకా మ్యాప్‌లో చూస్తే ఆంధ్రలోకి పొడుచుకొచ్చినట్టు కనబడుతుంది. అక్కడ తెలుగు ఇంటిభాషగా ఉన్న కుటుంబాలు ఎన్నో. తిరుమణి, బాలసముద్ర, వల్లూరు, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామాల్లో దాదాపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. 2019 చివరికి పూర్తిగా నడక మొదలుపెట్టింది. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం అది ఒక పెద్ద థర్మల్ కేంద్రం కన్నా ఎక్కువే ఇస్తుంది. పొద్దు గుంకాక సున్నా.

సరిగ్గా అప్పుడే బెంగళూరు ఇళ్లకు చేరుతుంది. లిఫ్టులు, ఇండక్షన్ స్టవ్‌లు, ఏసీలు, వాషింగ్ మెషిన్లు, పార్కింగ్‌లో ఛార్జింగ్‌కి పెట్టిన స్కూటర్లు అన్నీ ఒకేసారి మొదలవుతాయి. ఆ సమయానికి రాష్ట్రంలో ఆదుకునేవి జలవిద్యుత్, ఉత్తర కన్నడలోని కైగా అణు కేంద్రం, రాయచూరు, బళ్లారి వైపున్న బొగ్గు కేంద్రాలు. రాయచూరు పక్కన కృష్ణ ఒడ్డున శక్తినగర్‌లో ఉన్న కేంద్రం 1,720 మెగావాట్లది. దానికి బొగ్గు పంపే గనుల్లో మన సింగరేణి కూడా ఉంది. ఏ యూనిట్ ఎక్కడిదో తీగకు తెలియదు, గ్రిడ్‌లో పడ్డాక అన్నీ ఒకటే. కానీ ఎండ లేని గంటల్లో ఎవరు బరువు మోస్తున్నారో చెప్పడం కష్టమేమీ కాదు.

దేశంలో ఇప్పటిదాకా నమోదైన అతి పెద్ద డిమాండ్లలో ఒకటి 2024 మే 30న వచ్చింది, 250 గిగావాట్లు. అది పగటి పూట వచ్చింది, సోలార్ చేయి అందించింది. గ్రిడ్ నడిపేవాళ్లకు అసలు టెన్షన్ సాయంత్రం ఆరు, ఏడు మధ్య. సోలార్ గబగబా దిగిపోతుంది, ఆ లోటు గంట రెండు గంటల్లో వేరేవాళ్లు పూడ్చాలి. బొగ్గు బాయిలర్‌ని స్విచ్ వేసినట్టు వేయలేం. చల్లారిన దాన్ని వేడెక్కించడానికి గంటలు పడుతుంది. అందుకే సాయంత్రం పనికొస్తుందని మధ్యాహ్నం కూడా దాన్ని తక్కువ మంట మీద నడుపుతూ ఉంచుతారు. సాధారణంగా 55 శాతం కన్నా కిందికి దించరు. ఈ దశాబ్దం చివరికల్లా దాన్ని 40 శాతానికి దించగలిగేలా ప్లాంట్లను మార్చాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధన పెట్టింది. మధ్యాహ్నం సోలార్ మరీ ఎక్కువైపోయి, మోయడానికి లైన్లు చాలకపోతే ఆ సోలార్‌నే ఆపేయమంటారు. 2025లో రాజస్థాన్‌లో ఇదే జరిగింది.

ఇదంతా క్షణక్షణం చూసుకునే దక్షిణాది కేంద్రం బెంగళూరులోనే, రేస్‌కోర్స్ దగ్గర ఉంది. ఆంధ్ర, తెలంగాణ గ్రిడ్‌ల సమన్వయం కూడా అక్కడి నుంచే. 2013 డిసెంబర్ 31 దాకా దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో ఒకే తాళంలో లేదు. ఆ రోజు రాయచూరు నుంచి సోలాపూర్‌కి వేసిన 765 కిలోవోల్టుల లైను కలిపింది. పదేళ్ల తరువాత ఆ కలయిక విలువ తెలిసొచ్చింది. 2023లో నైరుతి వానలు ముఖం చాటేశాయి. జలాశయాలు నిండలేదు, పైగా ఎండిన పొలాలకు మోటార్లు ఎక్కువ నడిచాయి. అక్టోబర్‌లో కర్ణాటక ప్రభుత్వం విద్యుత్ చట్టంలోని 11వ సెక్షన్ వాడి, రాష్ట్రంలోని ఉత్పత్తిదారులు బయటకు అమ్మకుండా ఆపింది. పంజాబ్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి బదులు కరెంటు తెచ్చుకుంది. అది నీళ్ల మీద ఆధారపడ్డ పచ్చ కరెంటుకి వచ్చిన కష్టం. వాతావరణం మారుతున్న కొద్దీ బొగ్గుకే కాదు, దాని బదులు మనం నమ్ముకున్నవాటికీ రిస్క్ ఉంటుంది.

సోలార్ చవకైతే బిల్లు ఎందుకు దిగదు?

ఇదే అందరినీ తికమక పెట్టేది, కాబట్టి నెమ్మదిగా వెళ్దాం.

బెస్కాం లాంటి పంపిణీ సంస్థని డిస్కం అంటారు. అది తయారీ కేంద్రాలతో పాతికేళ్ల దాకా ఒప్పందాలు చేసుకుంటుంది. బొగ్గు కేంద్రానికి చెల్లింపు రెండు భాగాలుగా ఉంటుంది. ఒకటి స్థిర ఛార్జీ. ప్లాంటు కట్టిన అప్పు, జీతాలు, నిర్వహణ కింద ఇచ్చేది. కేంద్రం సిద్ధంగా ఉంటే చాలు, కరెంటు తీసుకున్నా తీసుకోకపోయినా ఇవ్వాలి. రెండోది ఇంధన ఛార్జీ. తీసుకున్న యూనిట్లకు మాత్రమే.

ఊహించిన అంకెలతో చూద్దాం. ఒక కేంద్రానికి ఏడాదికి 100 కోట్ల రూపాయల స్థిర ఛార్జీ, యూనిట్‌కి 3 రూపాయల ఇంధనం. డిస్కం 50 కోట్ల యూనిట్లు తీసుకుంటే స్థిర ఛార్జీ యూనిట్‌కి 2 రూపాయలు పడుతుంది, మొత్తం 5. ఇప్పుడు పగటి పూట సోలార్ వచ్చింది కాబట్టి బొగ్గు నుంచి 30 కోట్ల యూనిట్లే తీసుకుందనుకోండి. అదే 100 కోట్లు 30 కోట్ల యూనిట్ల మీద పడి 3 రూపాయల 33 పైసలవుతుంది. బొగ్గు యూనిట్ 6.33కి చేరింది. సోలార్ చవకగా వచ్చింది నిజమే, కానీ దాని పక్కన కూర్చున్న బొగ్గు ఖరీదెక్కింది. మొత్తం మీద కొంత ఆదా ఉండొచ్చు, అది పత్రికల్లో కనబడే వేలం ధరంత ఉండదు.

వేలం ధర కూడా సగం కథే. 2020 డిసెంబర్‌లో గుజరాత్ వేలంలో సోలార్ యూనిట్ 1.99 రూపాయలకు పడింది. కానీ అది ప్లాంటు గేటు దగ్గర ధర. లైన్ల ఖర్చు, సాయంత్రానికి ఇంకో కేంద్రాన్ని సిద్ధంగా ఉంచే ఖర్చు అందులో ఉండవు. పైగా పదేళ్ల క్రితం ఎక్కువ ధరకి చేసుకున్న సోలార్ ఒప్పందాలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. ముందుగా మొదలుపెట్టిన రాష్ట్రాలు ఆ ధర మోస్తున్నాయి. ఆలస్యంగా మేల్కొన్నవాళ్లకు చవక దొరికింది. న్యాయంగా లేదు కానీ అంతే.

బిల్లులో ఇంధన, కొనుగోలు వ్యయ సర్దుబాటు అని ఒక వరుస ఉంటుంది. నెలనెలా మారేది అదే. బొగ్గు ధర పెరిగినా, ఎండాకాలం మార్కెట్‌లో ఖరీదుగా కొనాల్సి వచ్చినా మన దాకా వచ్చేది ఆ దారిన.

ఉచితం ఎవరికి, ఖర్చు ఎవరిది

మళ్లీ ఊహించిన అంకెలే. డిస్కంకి సగటున యూనిట్ 8 రూపాయలు పడుతుందనుకుందాం. పది యూనిట్లలో నాలుగు వ్యవసాయ మోటార్లకు, మూడు ఇళ్లకు, మూడు పరిశ్రమలకు, ఆఫీసులకు వెళ్తాయి. మొత్తం ఖర్చు 80. ఇళ్ల నుంచి ఆరు చొప్పున 18 వస్తుంది. మోటార్లకు ఉచితం కాబట్టి ప్రభుత్వం ఏడు చొప్పున 28 ఇస్తానంటుంది. మిగిలిన 34 ఆ మూడు యూనిట్లు వాడే ఫ్యాక్టరీ, ఐటీ పార్కుల మీద పడుతుంది. యూనిట్‌కి 11 రూపాయల పైమాటే. దీన్నే క్రాస్ సబ్సిడీ అంటారు.

ఈ అమరిక రెండు చోట్ల బెడిసికొడుతుంది. ప్రభుత్వం ఇవ్వాల్సింది ఆలస్యమైతే డిస్కం అప్పు చేస్తుంది, వడ్డీ మళ్లీ బిల్లులోకే వస్తుంది. ఇక పెద్ద వాడకందారులు ఓపెన్ యాక్సెస్ పద్ధతిలో సోలార్, గాలి కరెంటుని నేరుగా కొనుక్కోవడం మొదలుపెడితే 11 రూపాయలు ఇచ్చేవాళ్లు తగ్గిపోతారు. 2022 నిబంధనలతో పచ్చ కరెంటుకి ఈ సదుపాయం 100 కిలోవాట్ల వాడకందారుల దాకా వచ్చింది. బయటి రింగ్ రోడ్డు మీద ఐటీ పార్కులు తమది పచ్చ క్యాంపస్ అని బోర్డు పెట్టుకోవడం పర్యావరణానికి మంచిదే. డిస్కం ఖాతాలో మాత్రం అది మంచి కస్టమర్ జారిపోవడం.

కర్ణాటక గృహజ్యోతి విషయానికొస్తే, 2023లో మొదలైన ఈ పథకంలో 200 యూనిట్ల లోపు ఇళ్లకు వాళ్ల పాత సగటు మీద కొంత కలిపి ఉచితం. అద్దె ఇళ్లవాళ్లకీ వర్తిస్తుంది, అది నిజంగా మేలు చేసిన అంశం. కానీ ఇంటి కప్పు మీద సోలార్ పెట్టుకోవడానికి కేంద్రం 2024లో తెచ్చిన పీఎం సూర్యఘర్ పథకానికి ఇది అడ్డు తగులుతోంది. 3 కిలోవాట్ల రూఫ్‌టాప్‌కి 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తామన్నా, బిల్లే రాని ఇల్లు సొంత డబ్బు పెట్టి సోలార్ పలకలు ఎందుకు పెట్టుకుంటుంది? ఒక ప్రభుత్వం బిల్లు తగ్గించడానికి పలకలు ఇస్తుంటే, ఇంకో ప్రభుత్వం బిల్లునే తీసేసింది. విద్యుత్ కేంద్రం, రాష్ట్రం రెండింటి చేతిలోనూ ఉండే ఉమ్మడి జాబితాలో ఉంది కాబట్టి ఇలాంటివి తప్పవు.

2025 అక్టోబర్‌లో కేంద్రం విద్యుత్ చట్ట సవరణ ముసాయిదా బయటపెట్టింది. తయారీ పరిశ్రమలు, రైల్వేల మీద క్రాస్ సబ్సిడీని ఐదేళ్లలో ఎత్తేయాలని, ఒకే లైన్ల మీద ఒకటికి మించిన పంపిణీ సంస్థలు పోటీ పడొచ్చని అందులో ఉంది. పరిశ్రమల వాదన సూటిగానే ఉంది. కరెంటు ఖరీదైతే వస్తువు ఖరీదవుతుంది, ఉద్యోగాలు వేరే దేశానికి పోతాయి. రైతు సంఘాలు, విద్యుత్ ఉద్యోగుల సంఘాలు అంతే సూటిగా అడుగుతాయి. లాభమొచ్చే వీధులు ప్రైవేటుకి పోతే ఊళ్ల లైన్లు ఎవరు చూస్తారని. పై లెక్కలో ఆ 34ని ఎవరి నెత్తిన పెడతారో చెప్పకుండా ఈ ఇద్దరిలో ఎవరూ గెలవలేరు.

పొగ, బూడిద, భూమి, అడవి

ఒక యూనిట్ బొగ్గు కరెంటుకి సుమారు 700 గ్రాముల బొగ్గు కావాలి. మన బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. ఒక ఇల్లు నెలకు 200 యూనిట్లు పూర్తిగా బొగ్గు నుంచే వాడిందనుకుంటే 140 కిలోల బొగ్గు కాలుతుంది, సుమారు 50 కిలోల బూడిద మిగులుతుంది. ఒక సిమెంట్ బస్తా బరువు. ఆ బూడిదలో చాలా భాగం సిమెంట్‌లోకీ ఇటుకల్లోకీ పోతోంది. పోనిది చెరువుల్లాంటి గుంతల్లో పేరుకుంటుంది. బిల్లు బెంగళూరులో, బూడిద శక్తినగర్‌లో.

గంధకం పొగ మీద వాదన ఇంకా ముదిరింది. 2015 డిసెంబర్‌లో పర్యావరణ శాఖ అన్ని బొగ్గు ప్లాంట్లకూ సల్ఫర్ డయాక్సైడ్ పరిమితులు పెట్టింది. దానికి పొగలోంచి గంధకం తీసే యంత్రాలు కావాలి. గడువులు పెంచుతూ పోయి, 2025 జూలైలో నాలుగింట మూడు వంతులకు పైగా ప్లాంట్లకు ఆ యంత్రాల అవసరమే లేదని మినహాయించారు. పది లక్షల జనాభా దాటిన నగరాలకు, ఢిల్లీ ప్రాంతానికి 10 కిలోమీటర్ల లోపు ఉన్నవాటికి మాత్రం తప్పదు. మన బొగ్గులో గంధకం తక్కువ, యంత్రాల ఖర్చు బిల్లుల మీద పడుతుంది, వాటికీ కరెంటు కావాలి అని ప్రభుత్వం వైపు వాదన. గంధకం పొగ గాలిలో సన్నటి ధూళిగా మారి వందల కిలోమీటర్లు పోతుంది, 10 కిలోమీటర్ల గీత గాలికి తెలియదు అని అవతలి వాదన. రెండోది శాస్త్రపరంగా గట్టిది. మొదటిది ఖర్చు పరంగా గట్టిది. ప్రాణాల విలువను పైసల్లో వేయకుండా ఈ రెండింటినీ తూచలేం, అలా వేయడానికి ఎవరికీ మనసొప్పదు.

సోలార్‌కి పొగ లేదు, భూమి కావాలి. పావగడలో రైతుల పొలాలు కొనలేదు, ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయల కౌలుకి తీసుకున్నారు. రెండేళ్లకోసారి ఐదు శాతం పెంపు. వరుస కరువులు చూసిన నేల కాబట్టి భూమి ఉన్నవాళ్లలో చాలామందికి ఇది స్థిరమైన ఆదాయమైంది. భూమి లేని కూలీలకు, గొర్రెల కాపర్లకు మాత్రం పని, మేత రెండూ పోయాయి. పలకలు తుడిచే పనీ, కాపలా పనీ అంతమందికి సరిపోవు. భూసేకరణకు ఇది మెరుగైన నమూనా అని నేనూ అంటాను, కానీ ఆ మెరుగు పట్టా ఉన్నవాడి దగ్గరే ఆగిపోయింది.

మూడో చిక్కు శరావతిలో. మధ్యాహ్నం మిగిలిన కరెంటుతో నీళ్లను పై జలాశయానికి తోడి, సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీసే పద్ధతి పంప్డ్ స్టోరేజ్. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్లది ఇలాంటిదే. శరావతి లోయలో తలకళలె, గేరుసొప్ప జలాశయాల మధ్య 2,000 మెగావాట్లది కట్టాలని కర్ణాటక ప్రతిపాదన. రెండు జలాశయాలూ ముందే ఉన్నాయి, కొత్తగా మునిగేది తక్కువ అంటారు ఇంజినీర్లు. సొరంగాలు, రోడ్లు పడమటి కనుమల్లో, సింహం తోక కోతుల అభయారణ్యంలోంచి పోతాయి అంటారు పర్యావరణవేత్తలు. ఇక్కడ కొట్లాట బొగ్గుకీ పచ్చదనానికీ మధ్య కాదు, పచ్చదనానికీ పచ్చదనానికీ మధ్య.

బొగ్గు పన్ను చేసిన ప్రయాణం

2010లో టన్ను బొగ్గు మీద 50 రూపాయల సెస్సు పెట్టారు. ఆ డబ్బు శుభ్రమైన ఇంధనానికని చెప్పారు. 2016కి అది 400 అయింది. 2017లో జీఎస్టీ రాగానే అది రాష్ట్రాల నష్టపరిహారం సెస్సుగా మారిపోయింది, పచ్చ సంబంధం తెగింది. 2025 సెప్టెంబర్ 22న సెస్సునే తీసేసి, బొగ్గు మీద జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. సోలార్ పరికరాల మీద పన్ను 12 నుంచి 5కి దించారు.

ఇది బొగ్గు మీద భారం పెంచిందా తగ్గించిందా? టన్ను 1,000 రూపాయల నాసి బొగ్గు మీద అంతకుముందు 50, 400 కలిపి 450 పడేది, ఇప్పుడు 180. 6,000 రూపాయల మేలి రకం మీద ముందు 700, ఇప్పుడు 1,080. బూడిద ఎక్కువున్న నాసి బొగ్గుకే పెద్ద ఊరట దొరికింది. బొగ్గు కరెంటు కొంచెం చవకవడం బిల్లు కట్టేవాళ్లకు మంచిదే, పన్ను ద్వారా బొగ్గును అదుపు చేయాలన్న పాత ఆలోచనకు మాత్రం ఇది వెనకడుగు.

బొగ్గును ఒక్కసారిగా ఎందుకు వదల్లేమన్నదానికి కరెంటుతో సంబంధం లేని కారణాలూ ఉన్నాయి. 2024-25లో దేశం వంద కోట్ల టన్నులకు పైగా బొగ్గు తవ్వింది. రైల్వే సరుకు రవాణా బరువులో సగం దాకా బొగ్గే, ఆ ఆదాయం వల్లే మనం టికెట్ మీద తక్కువ ఇచ్చి ప్రయాణిస్తున్నాం. కొత్తగూడెం, రామగుండం, మందమర్రి లాంటి ఊళ్లలో కిరాణా కొట్టు కూడా సింగరేణి జీతాల తేదీ చూసుకుని నడుస్తుంది. గని మూసేస్తే పావగడలో పలకలు పెట్టే ఉద్యోగం మందమర్రి కార్మికుడికి రాదు.

కొత్త బొగ్గా, నిల్వా, అణువా

2031-32 నాటికి ఇంకో 80 గిగావాట్ల దాకా బొగ్గు సామర్థ్యం కావాలని కేంద్రం 2023లో అనుకుంది. భారతీయుడి తలసరి కార్బన్ ఉద్గారం సుమారు 2 టన్నులు, ప్రపంచ సగటులో సగం కూడా కాదు. ఏసీ ఇప్పుడిప్పుడే కొంటున్న దేశాన్ని చీకట్లో కూర్చోమనలేమన్నది వాళ్ల మాట. ఇవాళ కట్టే ప్లాంటు పాతికేళ్లు స్థిర ఛార్జీ అడుగుతుంది, ఆలోపు బ్యాటరీలు చవకైతే అది గుదిబండ అన్నది ఎదుటివాళ్ల మాట.

నిల్వ లెక్క ఇలా ఉంటుంది. మధ్యాహ్నం సోలార్ 2.50 అనుకుందాం. తోడి వదిలే పద్ధతిలో నాలుగో వంతు దాకా నష్టం, కాబట్టి సాయంత్రం ఒక యూనిట్ కావాలంటే మధ్యాహ్నం 1.3 యూనిట్లు కొనాలి, 3.25. నిల్వ కట్టడం ఖర్చు యూనిట్‌కి 2.50 అయితే మొత్తం 5.75. అదే 1.50కి దిగితే 4.75. కొత్తగా కట్టే బొగ్గు ప్లాంట్ల కరెంటు ఇటీవలి వేలాల్లో 5 రూపాయలు దాటే పలికింది. అంటే ఈ వాదన తేలేది ఆ నిల్వ ఖర్చు మీదే. సాయంత్రం నాలుగైదు గంటలకు నిల్వ ఇప్పటికే పోటీకి వచ్చింది. వారం రోజులు మబ్బు పట్టిన జూలైకి మాత్రం బ్యాటరీ జవాబు కాదు, అక్కడ గాలి, నీళ్లు, బొగ్గు కావాల్సిందే.

అణువిద్యుత్ రాత్రీపగలూ ఒకేలా వస్తుంది, పొగ ఉండదు. 2047కి 100 గిగావాట్లు అని 2025 బడ్జెట్‌లో లక్ష్యం పెట్టారు. ఇప్పుడున్నదానికి పదింతలకు పైగా. మన దగ్గర అణు కేంద్రాలు అనుకున్న తేదీకి పూర్తయిన దాఖలాలు తక్కువ కాబట్టి ఈ దశాబ్దపు సాయంత్రాలకు దాని మీద ఆశ పెట్టుకోలేం.

పెట్రోలు నుంచి ప్లగ్‌కి

ముప్పాతిక బొగ్గు కరెంటుతో నడిచే స్కూటర్ పచ్చదెలా అవుతుందన్న ప్రశ్న తరచూ వినబడుతుంది. వంద కిలోమీటర్లకు ఛార్జింగ్ నష్టాలతో కలిపి 3.5 యూనిట్లు అనుకుందాం. గ్రిడ్ సగటు యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. అంటే 2.5 కిలోలు. లీటరుకి 45 ఇచ్చే పెట్రోలు స్కూటర్ అదే దూరానికి 2.2 లీటర్లు తాగి 5 కిలోలు వదులుతుంది. ఇవాళ్టి గ్రిడ్‌తోనే సగం. దిగుమతి చేసుకునే ముడిచమురు ఆదా అదనం, మన వాడకంలో 85 శాతానికి పైగా బయటి నుంచే వస్తుంది. నష్టపోయేది ఖజానా. కర్ణాటక పెట్రోలు మీద అమ్మకపు పన్ను 29.84 శాతం, కరెంటు మీద పన్ను 9 శాతం. స్కూటర్లు ప్లగ్‌కి మారిన కొద్దీ ఆ తేడా ఎక్కడి నుంచో రాబట్టాలి.

గంటను బట్టి ధర

డిమాండ్‌కి తగ్గట్టు కరెంటు తేవడం కన్నా, కరెంటు ఉన్నప్పటికి డిమాండ్‌ని జరపడం చవక. కర్ణాటక దీన్ని వ్యవసాయంలో చేసి చూపించింది. మోటార్ల ఫీడర్లను వీలైనంత పగటికి మార్చడంతో సోలార్‌కి వాడకం దొరికింది, రాత్రి పొలానికి వెళ్లి పాము కాటుకి భయపడే అవసరం రైతుకి తగ్గింది. ఒక్క కొత్త ప్లాంటు కట్టకుండా వచ్చిన ఫలితం ఇది.

ఇళ్లకూ అదే తేవాలని 2023లో కేంద్రం నిబంధనలు మార్చింది. ఎండ గంటల్లో యూనిట్ ధర కనీసం 20 శాతం తక్కువ, వాడకం ఎక్కువగా ఉండే పీక్ గంటల్లో ఇళ్లకు కనీసం 10 శాతం ఎక్కువ. స్మార్ట్ మీటర్ పెట్టిన చోటే ఇది సాధ్యం, అమలు రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ల చేతిలో ఉంది. వైట్‌ఫీల్డ్‌లో ఇంటి నుంచి పనిచేసే జంట వాషింగ్ మెషిన్ మధ్యాహ్నం వేసుకోగలదు, అపార్ట్‌మెంట్ సంఘం నీళ్ల మోటార్లను పదకొండింటికి మార్చగలదు. పొద్దున ఎనిమిదికి వెళ్లి రాత్రి ఎనిమిదికి వచ్చే పీజీ కుర్రాడికి, గార్మెంట్ ఫ్యాక్టరీలో పనిచేసే ఆవిడకి జరుపుకోవడానికి గంటలే లేవు. 200 యూనిట్ల లోపు ఉచితంగా వాడే ఇంటికి ఆ ధరల తేడా కనబడనే కనబడదు. కాబట్టి ఈ ధరల పద్ధతి ముందుగా పనిచేసేది ఇళ్లలో కాదు, ఏసీల కోసం మధ్యాహ్నమే నీళ్లను చల్లబరిచి దాచుకునే ట్యాంకులున్న మాల్స్‌లో, బస్ డిపోల ఛార్జింగ్‌లో, జలమండలి పంపుల్లో. కావేరి నీళ్లను తొరెకాడనహళ్లి నుంచి వందల మీటర్ల ఎత్తుకి తోడి ఈ నగరానికి తెచ్చేవి ఆ పంపులే.